కండెలు జూస్కో

ఏడేళ్లుగా నేను ఒక తడి గుడ్డను మోస్తున్నాను.

మామూలు గుడ్డే. కార్ఖానాలో అంచు చెడి పక్కన పడేసిన తువ్వాలును నాలుగు ముక్కలు చేస్తే వచ్చిన ఒక ముక్క. పిండితే గుప్పెడు నీళ్లు కూడా రావు. నా పాత అలవాటు ప్రకారమైతే దాని బరువు బండెడు నూలంత అని చెప్పేవాణ్ణి. మీరు నమ్మేవారు కూడా. నా మాటల్లో ఆ గుణం ఉంది. కానీ ఈ ఒక్కసారికి ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పాలని కూర్చున్నాను. మధ్యలో నోరు జారితే నేనే ఆపుకుంటాను. మీరు కాస్త ఓపిక పట్టాలి.

మీరు నన్ను ఎరగరు. అదే నాకు ధైర్యం. ఇక్కడ సోలాపూర్ భవాని పేట్‌లో ఎవరి ముందు నోరు విప్పినా మొదటి మాటకే నవ్వు మొదలవుతుంది. "మామ మల్ల షురూ జేసిండు" అంటారు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ చప్పుడులో గొంతు చించుకున్నవాడికి మామూలు సంగతిని మామూలుగా చెప్పడం రాదు. చిన్నది పెద్దదవుతుంది. పెద్దది కథవుతుంది. కథయ్యాక అందులో మంచి పని చేసినవాణ్ణి నేనే అవుతాను. నా తప్పు ఈ అలవాటులోంచి పుట్టిందా? లేక తప్పును కప్పడానికే ఈ అలవాటును ఇంత పెంచుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ముందు మా గల్లీలో నడిచే కథ వినండి. అల్లింది నేనే.

ఊళ్లో ఒక పళ్ల డాక్టరు దవాఖానాలో, గాజు పెట్టెలో, ఒక సముద్రం ఉంది. ఆ సముద్రానికి పీడ పట్టింది. ముంబై నుంచి వచ్చిన పెద్ద పెద్దవాళ్లు చేతులెత్తేశారు. అప్పుడు నేను రత్నగిరి నుంచి టాంకరు నిండా సముద్రపు నీళ్లు తెప్పించి, మా అన్న మగ్గం గుంటలో పదివేల సముద్రపు నత్తలను పెంచి, పెట్టెలో వదిలి, వారం తిరిగేలోగా ఆ పీడను తినిపించేశాను. విదేశం నుంచి నాకు మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఇదీ కథ. దీనివల్ల నాకు దక్కిన పేరు నత్తల మామ.

ఇందులో డాక్టరు నిజం. గాజు పెట్టె నిజం, పగడాలూ సముద్రపు చేపలూ పెంచే అక్వేరియం అది. పీడ నిజం. గుంట నిజం. టాంకరు లేదు, డాక్టరు ఉప్పు పొడి పాకెట్లు తెప్పించి బకెట్లో కలిపేవాడు. ఉత్తరం లేదు. పదివేలూ లేవు. ఆ నత్తలను సాకింది నేను కాదు.

ఆ చివరి వాక్యం రాయడానికి పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను.

సాకింది మా వదిన. పేరు అంబుబాయి. మా అన్న పోయాక ఆయన మగ్గాన్ని కట్టెల కింద అమ్మేశాం. గుంట మిగిలింది. చేమగ్గం మీద నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంట అది, వాళ్ల వాటా ముందరి గది మధ్యలో. పక్క వాటా మాది, వరండా ఒకటే. పూడ్చేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అన్న కూర్చున్న చోటే కూర్చుని, కాళ్లు గుంటలోకి వేలాడేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. పొద్దంతా బీడీలు, సాయంత్రం మా కార్ఖానాకు కండెలు. నేత తెలియనివారి కోసం చెప్తున్నాను. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దాని చుట్టూ నూలు. రాట్నం తిప్పి ఆ నూలు చుట్టడం ఆడవాళ్ల పని. ఆమె చుట్టిన కండె మగ్గం మీద ఒక్కసారి కూడా చిక్కు పడేది కాదు.

ఆమె చేతుల గురించి ఇంకొక మాట చెప్పాలి. గల్లీలో ఎవరింట్లో పురుడు జరిగినా పసిబిడ్డకు నీళ్లు పోసేది ఆమే. శనగపిండితో ఒక్కసారి చేతులు కడుక్కుని, పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. ఎంత ఏడ్చే బిడ్డయినా ఆ చేతులు తగిలితే ఊరుకునేది. నా పిల్లలిద్దరూ ఆమె కాళ్ల మీద నీళ్లు పోసుకున్నవాళ్లే.

డాక్టరు దగ్గరికి నేను పంటి నొప్పితో పోయాను. నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి కోతలు కొయ్యలేడు. అందుకే ఆ రోజు ఎదుటివాడి మాటలు పూర్తిగా విన్నాను. ఆయన మరాఠీ మనిషి, మెత్తనివాడు. పెట్టెలోని రాళ్ల మీద గోధుమరంగు పువ్వులు చూపించాడు. పువ్వులు కావట, జంతువులట. ముంబై నుంచి తెచ్చిన రాయికి అంటుకుని వచ్చాయట. పక్కనున్న పగడాలను కుట్టి చంపుతున్నాయి. కత్తితో గీకితే తెగిన ప్రతి తునకా మళ్లీ ఒక పువ్వవుతుంది. మా ఊరి ఖాళీ జాగాలన్నిటినీ కమ్మేసే గాజర్‌గవత్ లాంటి కలుపన్నమాట, నీళ్లలోది. ఆ కలుపును తప్ప ఇంకేదీ తినని నత్త ఒకటి ఉందని, దానికి గుల్ల ఉండదని, ఆయన ఏదో విదేశీ పత్రికలో చదివాడు. అక్కడి నుంచి వస్తున్న దోస్తు చేత ఎనిమిదింటిని సీసాలో తెప్పించుకున్నాడు. అంత పెద్ద పెట్టెకు ఎనిమిది ఏ మూలకు? విడిగా పెట్టి పిల్లలు చేయించాలి. మా సోలాపూర్ ఎండలకు దవాఖానాలో చిన్న సీసాల నీళ్లు కాగిపోతున్నాయి. చల్లని చోటు కావాలి.

నోట్లోంచి ఆయన చెయ్యి తియ్యగానే మొదలుపెట్టాను. మా ఇంట్లో ఉంది డాక్టర్ సాబ్, నడి ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే గుంట. నీళ్లలో బతికే వాటిని పెంచడంలో నాకు చిన్నప్పటి నుంచి చెయ్యి తిరిగింది. అలా అన్నాను. నిజానికి బావిలో తాబేలును చూడడం తప్ప నాకు వాటితో ఏ సంబంధమూ లేదు.

మిఠాయి దుకాణంలో బిళ్లలు పోసే గాజు బర్నీలు ఐదు తెచ్చి గుంటలో దించాం. నత్తలను చూసి వదిన పకపకా నవ్వింది. "ఇగో, వీపు మీద ఈ కుచ్చులేంది మరిదీ? చీరె కొంగుకు ముడులేసినట్టు!" ఆ రోజు నుంచి అవి కుచ్చుల నత్తలయ్యాయి. ఒక్కొక్కటి అరచెయ్యంత ఉండేది. ఆగండి. చిటికెన వేలి చివరి కణుపంత ఉండేది. వాటిలో ఆడా మగా తేడా లేదని, ప్రతిదీ గుడ్లు పెడుతుందని డాక్టరు చెబితే, వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మంచిగున్నది. సంబంధాలు జూసే లొల్లి లేదు" అంది.

నేను ఉదయం కార్ఖానాకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. పనంతా ఆమెదే. నత్తలు తినేది ఆ కలుపే కాబట్టి ముందు కలుపును పెంచాలి. దానికి ఎండు రొయ్యల పొడి చిటికెడు వెయ్యాలి. నీళ్లు మార్చాలి, ఆవిరైనంత మంచినీళ్లు కలపాలి. తంబాకు ఆ నీళ్లకు విషమని డాక్టరు మొదటి రోజే హెచ్చరించాడు. అందుకని ఆమె తంబాకు చాటను వరండాలోకి మార్చింది. బర్నీ మూత తీసే ముందు శనగపిండితో ఒకసారి, చింతపండుతో ఒకసారి, ఉత్త నీళ్లతో ఒకసారి, మూడుసార్లు చేతులు కడుక్కునేది. వాసన చూసుకునేది. పక్కింటావిడకు చూపించి "వాసనొస్తున్నదా?" అని అడిగేది. ఇదంతా నేను కళ్లారా చూశాను. మరిచిపోకండి, చూశాను.

ఒక ఆదివారం డాక్టరు వచ్చి బర్నీలు చూశాడు. నత్తలను కాదు, ఆమె చేతులను చూసి మాట్లాడాడు. ఈ పనికి కావలసినవి ఇలాంటి చేతులేనన్నాడు. పిల్లలు బతికి పెద్దవైతే బీడీలు మానేసి దవాఖానాకు రమ్మన్నాడు, ఇంకో రెండు పెట్టెలు పెట్టబోతున్నాడట, వాటన్నిటినీ చూసుకునే పని ఆమెదేనన్నాడు. అప్పటికి వదినకు పొడిదగ్గు పట్టుకుని చాలా కాలమైంది. ఆయన పోయాక ఏమీ జరగనట్టు చాట దగ్గర కూర్చుంది. కాసేపటికి తనలో తాను అన్నట్టుగా అంది. "తంబాకు ఇడిసిపెడ్తే బువ్వ రుచి ఎట్లుంటదో ఏమో."

నేను విన్నాను. విననట్టు ఊరుకున్నాను.

తర్వాత కొన్ని రోజులకు నీలం నగర్‌లో ఆమె చెల్లెలి ఇంట్లో పురుడు వచ్చింది. బిడ్డకు నీళ్లు పోయడానికి మూడు రోజులు పోయింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి నాతో ఒక మాట అంది. "కండెలు జూస్కో మరిదీ. ఎవ్వల్నీ ముట్టనియ్యకు."

"నేనుండంగ ఎవ్వడు ముడ్తడు?" అన్నాను.

మూలన గంపలో ఆమె చుట్టి పెట్టిన కండెలున్నాయి. దుమ్ము పడకుండా వాటి మీద శుభ్రమైన గుడ్డ కప్పాను. ఎంత బాధ్యతగా కప్పానో! గంప చుట్టూ అంచులు కూడా లోపలికి దోపాను.

రెండో రోజు, మర్నాడు వస్తున్నానని డాక్టరు కబురు పంపాడు. ఇల్లు సర్దాను. బర్నీలు కూడా సర్దుదామనిపించింది. మూత తీస్తే గాజుకు లోపలి వైపు తెల్లటి పోగులు, చుట్టలు చుట్టుకుని అంటుకుని ఉన్నాయి. అచ్చం కండె చివర విడిపోయిన నూలులాగా. మా ఇళ్లలో నూలు పోగు లేని చోటుండదు. కనుబొమల్లో ఉంటుంది, చాయ్ కప్పులో ఉంటుంది, అన్నంలో ఉంటుంది. తెల్లటి పోగు కనబడితే కన్ను చూసేలోపే చెయ్యి తుడిచేస్తుంది. తువ్వాలు ముక్క నీళ్లలో ముంచాను. తుడిచాను. ఒక బర్నీ తర్వాత ఒకటి. ఐదూ.

ఇక్కడ ఆగాలి. ఇన్నేళ్లలో నాకు నేను కూడా చెప్పుకోని చోటు ఇది.

ఆ పోగు జిగటగా తగిలింది. నూలు జిగటగా ఉండదు. పుట్టినప్పటి నుంచి నూలు పట్టిన వేళ్లకు ఆ తేడా తెలియదా? తెలిసింది. మొదటి బర్నీ దగ్గరే తెలిసింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గంజి అయ్యుంటుందిలే అనుకున్నాను, పోగుకు పెట్టే గంజి నానితే ఇలాగే ఉంటుందిలే అని. అనుకోవడానికి నాకు ఒక కారణం కావాలి, దొరికింది, చెయ్యి మళ్లీ కదిలింది. పొరపాటు అనే మాట ఆ మొదటి బర్నీ దాకా చెల్లుతుందేమో. మిగతా నాలుగింటికి ఏ మాట వాడాలో మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చాడు. గాజు తళతళలాడుతోందని మెచ్చుకున్నాడు. నేను నవ్వాను.

ఆ సాయంత్రమే వదిన వచ్చింది. చెప్పులు విప్పి, చేతులు మూడుసార్లు కడుక్కుని, నేరుగా గుంట దగ్గరికి పోయి వంగింది. ఐదు బర్నీలూ ఒక్కొక్కటే చూసింది. తర్వాత ఏం మాట్లాడుకున్నామో ఒక్క అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. దీన్ని నేను ఎన్నడూ ఎవరికీ పెంచి చెప్పలేదు. అసలు చెప్పలేదు.

"కండెలేవి?"

"గంపల ఉన్నయి గద. గుడ్డ గూడ గప్పిన."

"గంపల కండెలు గాదయ్యా. బర్నీలల్లయి."

"బర్నీలల్ల కండెలేంది?"

"తెల్లగ, చుట్టలు జుట్టుకొని, అద్దానికి అంటుకొని... గుడ్లు మరిదీ! నత్త గుడ్లు. దిష్టి తగుల్తదని పేరు ఎత్తలే. కండెలు జూస్కో అని జెప్పి పోతిని గద!"

పురుడు కాకముందే బిడ్డ మాట ఎత్తకూడదని ఆమె నియమం. గుడ్లకూ అదే పాటించింది. అందుకే కండెలంది. ఆ మాట వినగానే వేళ్లకు ఆ జిగట మళ్లీ తగిలింది. నేనే వదినే, తెలవక తుడిచిన అంటే అయిపోయేది. తిట్టేది. రెండు రోజులు మూతి ముడుచుకునేది. అంతే. ఎందుకు అనలేదు? చెయ్యి తిరిగినవాణ్ణని డాక్టరుతో అన్నాను కదా, ఆ గొప్ప నిలబడాలి. అంతకంటే చిన్న కారణం ఒకటుంది. ఆమె దవాఖానాకు పోతుందని, నేను అదే చప్పుడులో ఉండిపోతానని నాలో ఒక మూల ముల్లు గుచ్చుకుంటూ ఉంది.

"అవా... కరిగిపోయినయి, వదినే."

"ఎట్ల కరుగుతయ్?"

"నీ చేతులల్ల తంబాకు. ఎంత కడిగినా పోతదా? నీళ్లల్లకు దిగింది. డాక్టర్ సాబ్ గూడ గదే అన్నడు."

"డాక్టర్ సాబ్ ఖరంచ్, నిజంగనే అన్నడా?"

"అన్నడు."

ఆయన అనలేదు.

ఆమె రెండు చేతులూ తిప్పి చూసుకుంది, ముందు అరచేతులు, తర్వాత వెనక వైపు. ఆకు మడిచీ మడిచీ నల్లబడిన వేళ్లు. ఎవరివో చేతులను చూస్తున్నట్టు చూసింది. తర్వాత లేచి వరండాలోకి పోయింది. మళ్లీ ఆ గుంట అంచున కూర్చోలేదు.

డాక్టరుతో, ఆమెకు ఇష్టం లేదట సాబ్, నలుగురిలోకి రాని ఆడమనిషి కదా అన్నాను. అదొక అబద్ధం. కరిగిపోయాయన్నది ఒకటి, డాక్టరు అన్నాడన్నది రెండు, ఇది మూడోది. ఆమె సిగ్గుతో ఆయన ఎదుట పడలేదు. ఆయన మర్యాదతో ఆమెను అడగలేదు. ఇద్దరి మధ్యా నేను గోడలాగా నిలబడ్డాను.

నత్తలు బతికే ఉన్నాయి కదా, రెండు వారాలకు మళ్లీ చుట్టలు పెట్టాయి. ఈసారి నేను వాటిని చూసుకున్నాను. చూసుకున్నాను అంటే, వదిన వరండాలో కూర్చుని, లోపలికి తల తిప్పకుండా, ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది, నేను చేసేవాణ్ణి. పన్నెండో రోజో పదమూడో రోజో గాజు మీద తెల్లటి నలుసులు కదిలాయి. వాటిలో చాలా పోయాయి, చివరికి నిలిచినవి ముప్పైఒకటి. పదివేలు కాదు, ముప్పైఒకటి. ఆమెకు చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. నన్ను ఇంతకాలం పట్టి నలిపింది ఆ వెలుగే. "జూసినవా?" అంది. "నా చేతులు తగల్లే. గందుకే బతికినయి."

నా అబద్ధానికి ఆ పసి నత్తలు సాక్ష్యం చెప్పాయి.

వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఏడాది తిరిగేసరికి డాక్టరు పెట్టెలో కలుపు పలచబడింది. దవాఖానాలో కూలర్ పెట్టాక బర్నీలు అక్కడికి మారాయి. వాటితో పాటు నేనూ మారాను. తువ్వాళ్ల కార్ఖానా వదిలి పెట్టెలు చూసుకునే పనిలో చేరాను, చెవులకు నిశ్శబ్దం దొరికింది. అన్న గుంట మీద వదిన పలకలు పరిచేసింది. వరండాలోనే బీడీలు చుట్టింది, వానాకాలం కూడా గోనెపట్టా కట్టుకుని అక్కడే.

ఇంతవరకైతే ఇద్దరి మధ్య సంగతి. కానీ నేను కథలు చెప్పేవాణ్ణి కదా. గల్లీలో నత్తల కథ చెప్పినప్పుడల్లా మధ్యలో నవ్వించడానికి ఒక ముక్క కావలసి వచ్చేది. "మా వదినె చెయ్యి తగిలిందో లేదో, గుడ్లు ఫట్‌మని కరిగిపోయినయి!" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నవ్విన వాళ్లలో కొందరి ఇళ్లలో తర్వాత పురుళ్లు వచ్చాయి. వాళ్లు ఆమెను పిలవలేదు. పిలిచినవాళ్లకు ఆమె పోలేదు. రొట్టెల పిండి కలిపే ముందు మూడుసార్లు, దేవుడి పటానికి పువ్వు పెట్టే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేది. చేతుల మీద చర్మం కాగితంలా అయిపోయింది.

కుచ్చుల నత్త ఆ కలుపును మింగేటప్పుడు దాని ముళ్లను కూడా మింగుతుందని, అరిగించుకోకుండా తన కుచ్చుల్లో దాచుకుని ఎవరైనా మీదికొస్తే వాటితోనే కుడుతుందని డాక్టరు చెప్పాడు. నేనిచ్చిన ముల్లును వదిన కూడా మింగింది. ఆమె దానితో ఎవరినీ కుట్టలేదు. తననే కుట్టుకుంది.

పోయిన నెలలో మా బిడ్డ తొలి కాన్పుకు ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు మా బిడ్డ వరండాలోకి పోయి, "పెద్దమ్మా, నాకు వోసినట్టు దీనికి నీళ్లు వొయ్యి" అని అడిగింది. వదిన దూరం జరిగింది. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నాతోని గాదు బిడ్డా. గుడ్లే కరిగిపోయినయి. పసిగుడ్డును ముట్టుకోవాల్నా?"

నేను అక్కడే ఉన్నాను. చాయ్ తాగుతున్నాను.

గుడ్డు, పసిగుడ్డు. ఈ రెండు మాటలూ ఆమె లోపల ఇన్నేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. నిజంగా ఆ రోజే తెలిసిందా? ఏమో.

ఆ మధ్యాహ్నమే చెప్పేశాను. ఆమె ఆకు కత్తిరిస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చుని, తుడిచిన గుడ్డ దగ్గర మొదలుపెట్టి, జిగట దాకా, డాక్టరు పేరు వాడుకున్న దాకా, గల్లీలో నవ్వించిన దాకా అన్నీ చెప్పాను. ఆమె కత్తెర ఆగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"కండెలంటే కండెలనుకున్నవ్" అంది చివరికి. "అది తప్పు గాదు. నేతింట్ల పుట్టినోడు ఎవ్వడైనా గట్లనే అనుకుంటడు. డాక్టర్ సాబ్ అన్నడని ఎందుకన్నవ్?"

నేను నేల మీద రాలిన ఆకు తునకలు ఏరుతూ కూర్చున్నాను.

"గల్లీ అంత నవ్విపిచ్చినవ్. గల్లీ అంతకు నువ్వే ఎర్కజెయ్. అప్పటిదాంక నాతోని మాట్లాడకు."

సాయంత్రమే బయల్దేరాను. చాయ్ దుకాణం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు నమ్మరు, వాళ్లు పడీ పడీ నవ్వారు. "అరే, ఈసారి మామ కొత్తది తెచ్చిండు! లయ్ భారీ, మస్తుగున్నది!" అని ఒకడు ఇంకో కప్పు చాయ్ కూడా చెప్పాడు. పక్క గల్లీలో చెప్పాను, వాళ్లూ నవ్వారు. అబద్ధం చెప్పిన నోటితో నిజం చెబితే అది కూడా కథలాగే వినిపిస్తుందని ఈ వయసులో తెలుసుకున్నాను. నవ్వనివాడు డాక్టరు ఒక్కడే. దవాఖానాకు పోయి చెప్పాను. ఆయన పెట్టె వైపు చూశాడు. ముంబై నుంచి కొత్త రాళ్లు తెస్తే మళ్లీ కలుపు వచ్చింది, నా కంటి చూపుకు నత్తల చుట్టలు ఆనడం లేదు, రెండు విడతల గుడ్లు పోయాయి. ఇదంతా ఆయనకూ తెలుసు. నన్ను తిట్టలేదు. ఒకటే అడిగాడు. ఆమె ఇప్పుడైనా వస్తుందా అని. ఆ ప్రశ్న నేను వదినకు చేరవెయ్యలేను, నాతో మాట్లాడటం లేదు కదా. ఇక్కడ రాస్తున్నాను. చదువుకుంటుంది.

అందుకే ఇది అచ్చులో రావాలని రాస్తున్నాను. నోటి మాటను నవ్వి పోగొడతారు, అచ్చులో ఉన్నదాన్ని కాసేపైనా నమ్ముతారు. నా పేరు రాయలేదు. సిగ్గు ఒక కారణం. రెండోది, ఈ సంగతిలో ఇప్పటిదాకా నా పేరే వినిపించింది, ఇకమీదట ఆమె పేరే వినిపించాలి. అంబుబాయి. కుచ్చుల నత్తలను సాకింది అంబుబాయి. ఆమె చేతుల్లో ఏ దోషమూ లేదు. గుడ్లను తుడిచేసింది నేను.

ఇక్కడిదాకా రాసి మొన్న పొద్దున కాగితాలు ఆమె గడప మీద పెట్టాను. చదువు నాలుగో తరగతి దాకానే అయినా తెలుగు చక్కగా చదువుతుంది. సాయంత్రానికి కాగితాలు మా గడప మీదున్నాయి. మాట లేదు. దవాఖానా ప్రశ్నకు జవాబూ లేదు. ఒక్కచోట మాత్రం పెన్సిల్‌తో ముప్పైఒకటి కొట్టేసి, పైన ఇరవైతొమ్మిది అని రాసి ఉంది.

వరండాలో తల తిప్పకుండా కూర్చున్న మనిషికి లెక్క ఎలా తెలుసు? నేను కార్ఖానాకు పోయాక, చేతులు వెనక్కి కట్టుకుని గుంట పక్కన నిలబడి, వంగి, లెక్కపెట్టేదన్నమాట. మూత ముట్టకుండా. రోజూ. నేను ఉన్నదున్నట్టు చెప్తానని మీకు మాటిచ్చి కూడా రెండు నత్తలు పెంచాను. దిద్దలేదు, మీరు చూడాలని పైన అలాగే ఉంచాను.

నిన్న పొద్దున వరండాలో నీళ్ల చప్పుడు వినబడి కిటికీలోంచి చూశాను. గుంట మీది పలకలు తీసి వరండా గోడకు ఆనించి ఉన్నాయి. వదిన పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. మా బిడ్డ పసిదాన్ని ఎత్తుకుని పక్కన నిలబడి ఉంది. వదిన శనగపిండి తీసుకుంది, చేతులు రుద్దుకుంది, చెంబుతో నీళ్లు పోసుకుంది. రెండోసారికి పిండి డబ్బా వైపు చెయ్యి సగం దాకా పోయి ఆగింది. తర్వాత ఆ తడి చేతులే పసిదాని కోసం చాపింది.

పసిది ఏడ్చింది. కాసేపటికి ఊరుకుంది.

కిటికీలో నన్ను చూసింది వదిన. చూపు తిప్పుకుంది. నాతో ఇంకా మాట్లాడలేదు, మాట్లాడుతుందని నేను ఇక్కడ రాయను. కానీ చేతులు ఒక్కసారే కడుక్కుంది. నేను లెక్కపెట్టాను. ఈ లెక్కలో పెంచిందేమీ లేదు.